బొగ్గు, పటిక, ఫ్లోరైడు నీరు

మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ మండలము పాకాల అడవుల ప్రాంతములో ఉన్నది. అక్కడి రైతులు వరితోపాటు పత్తి, మొక్కజొన్న పండిస్తారు. పత్తి ఏరుట పూర్తి అయిన తరువాత చేలలో నిలిచిన కట్టెను పీకి, కుప్పవేసి, నిప్పు పెట్టడము ఈ ప్రాంతములోనే గాక పత్తి పండే ప్రతి చోటా కనబడుతుంది. మొక్కజొన్న బెండ్లు కూడ పొయ్యిలోకో, మంటలోకో పోతాయి. మరునాడు ఆ చోట మిగిలేది కొద్దిపాటి బూడిద మాత్రమే.

అదే కట్టెను గాలి ఆడని చోట కాల్చితే బూడిదకు బదులు బొగ్గు మిగులుతుంది. కట్టె ఒకటే, నిప్పు ఒకటే. తేడా అంతా గాలిలోనే ఉన్నది. ఈ విధముగా పంటల వ్యర్థములనుండి తయారుచేసిన బొగ్గును శాస్త్రజ్ఞులు బయోచార్ అని వ్యవహరిస్తున్నారు. పొలములో కలిపితే అది నేలకు మేలు చేస్తుందని, నీటిలో కలిపితే మాలిన్యములను తొలగిస్తుందని నేడు ప్రపంచములో అనేక ప్రయోగశాలలలో పరిశోధనలు జరుగుతున్నాయి.

అయితే బొగ్గు ప్రతి మాలిన్యమును తొలగిస్తుందా? మన ప్రాంతములో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాముఖ్యము ఉన్నది. ఎందుకంటే తెలుగునేలను చాల కాలముగా బాధించిన ఫ్లోరైడును మామూలు బొగ్గు దాదాపు ముట్టుకోదు. దానిని పట్టుకొనవలెనంటే బొగ్గు ఉపరితలమును మార్చవలసి ఉంటుంది. ఆ మార్పు ఎట్లా చేస్తారో, దానివల్ల ఎంత ప్రయోజనము కలుగుతుందో, ఎక్కడ జాగ్రత్త పడవలెనో ఈ వ్యాసములో తెలుసుకొందాము.

బొగ్గు ఎట్లా పుడుతుంది?

కట్టెలో ముఖ్యముగా కార్బను, హైడ్రోజను, ఆక్సిజను ఉంటాయి. ధారాళముగా గాలి తగిలితే కార్బను ఆక్సిజనుతో కలిసి కార్బను డయాక్సైడుగా ఎగిరిపోతుంది. ఖనిజ లవణములు బూడిదగా మిగులుతాయి. గాలిని బిగించి, 300 నుండి 700 సెంటిగ్రేడు డిగ్రీల వరకు వేడిచేస్తే వేరు విధముగా జరుగుతుంది. మొదట తేమ పోతుంది. తరువాత కట్టెలోని పెద్ద అణువులు విరిగి వాయువులుగాను, తారు వంటి ఆవిరిగాను వెలువడతాయి. వెనుక మిగిలిన కార్బను పరమాణువులు పలకలు పలకలుగా ఒకదానితో ఒకటి అల్లుకొంటాయి. సాధారణముగా ఎండిన కట్టె బరువులో నాలుగవ వంతునుండి మూడవ వంతు వరకు బొగ్గు వస్తుంది.

వాయువులు వెళ్ళిపోయిన దారులన్నీ సూక్ష్మరంధ్రములుగా నిలిచిపోతాయి. మొక్క బ్రతికి ఉన్నప్పుడు నీటిని పైకి తీసుకొనిపోయిన నాళములు కూడ బొగ్గులో అట్లే కనబడతాయి. అందువల్లనే బొగ్గు అంత తేలికగా ఉంటుంది. మంచి బయోచార్ గ్రాములో లోపలి గోడలన్నీ విప్పి పరచినట్లయితే 300 చదరపు మీటర్ల వరకు వైశాల్యము ఉండవచ్చును. అంటే రెండు కబడ్డీ మైదానములకంటె ఎక్కువ! అంగళ్ళలో దొరికే ఉత్తేజిత కార్బనులో ఇది వేయి చదరపు మీటర్లు కూడ దాటుతుంది.

ఈ బొగ్గు చేయుటకు పెద్ద కర్మాగారము అవసరము లేదు. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థవారు నూనె డ్రమ్మునే కొలిమిగా మార్చి, పత్తికట్టె, మొక్కజొన్న, కంది, ఆముదము వంటి పంటల మోళ్ళనుండి బయోచార్ తయారుచేసే పద్ధతిని రూపొందించినారు. వారి ఉద్దేశము నేలను బాగుచేయుట. కాని బొగ్గు చేసే మెళకువ మాత్రము నీటికైనా నేలకైనా ఒకటే: నిప్పు అంటుకొన్న తరువాత గాలి రంధ్రములను సకాలములో మూసివేయవలెను.

పీల్చుకొనుట వేరు, పట్టుకొనుట వేరు

స్పంజి నీటిని పీల్చుకొంటుంది. నీరు దాని లోపల అంతటా నిండుతుంది. దీనిని శోషణము అంటాము. బొగ్గు మాలిన్యమును పట్టుకొనే తీరు ఇటువంటిది కాదు. మాలిన్యపు అణువులు బొగ్గు గోడలమీద పలుచని పొరగా అంటుకొని నిలుస్తాయి. దీనిని అధిశోషణము అంటాము. పల్లేరు కాయలు బట్టకు పట్టుకొన్నట్లు అని చెప్పుకోవచ్చును. బట్ట ఎంత వెడల్పుగా ఉంటే అన్ని కాయలు పట్టుకొంటాయి. కాని బట్టకు అంటుకొనే గుణము కాయకు ఉండవలెను గదా! గులకరాయి పట్టుకోదు. ఈ చిన్న సంగతిలోనే మన విషయమంతా ఇమిడి ఉన్నది.

బొగ్గుకు ఈ శక్తి ఉన్నదని చాలకాలము క్రిందనే గుర్తించినారు. 1773లో స్వీడను రసాయనజ్ఞుడు షీలే బొగ్గు వాయువులను పట్టుకొంటుందని గమనించినాడు. 1785లో సెయింట్ పీటర్సుబర్గులో టోబియాస్ లోవిట్జ్ అనే శాస్త్రజ్ఞుడు మురికిరంగు గల ద్రావణములను బొగ్గు తేటపరుస్తుందని కనుగొన్నాడు. తరువాత చక్కెర మిల్లులలో పానకము రంగు తీయుటకు, మొదటి ప్రపంచ యుద్ధములో విషవాయువులనుండి సైనికులను కాపాడే ముసుగులలోను బొగ్గునే వాడినారు.

నీటిని తేటచేయుట మన పల్లెలకు కొత్త విద్య కాదు. బురదనీటి కుండలో చిల్లగింజను అరగదీసి మట్టిని అడుగుకు దింపడము పెద్దలకు తెలుసు. పటిక ముక్కను త్రిప్పడమూ తెలుసు. అయితే తేటనీరు అంతా మంచినీరేనా? దీనికి సమాధానము తరగతి గదిలోనే చూడవచ్చును.

ఒక చిన్న ప్రయోగము

కావలసినవి: స్వేదనజలము, చిటికెడు ఉప్పు, జీవశాస్త్ర ప్రయోగశాలలో ఉండే మిథిలీన్ బ్లూ రంగు, మెత్తని ఉత్తేజిత బొగ్గుపొడి, వడపోత కాగితము, సిల్వర్ నైట్రేటు ద్రావణము. ముందుగా బొగ్గుపొడిని స్వేదనజలముతో పలుమారులు కడుగవలెను. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేటు చుక్క వేస్తే తెలుపు రాకుండా ఉండేవరకు కడిగితే, బొగ్గులో స్వయముగా క్లోరైడు లేదని రూఢి అవుతుంది.

ఒక బీకరులో 100 మిల్లీలీటర్ల స్వేదనజలము పోసి, ఉప్పు కరిగించి, రంగు రెండు మూడు చుక్కలు కలపండి. నీరు నీలముగా మారుతుంది. దానిలో ఒక చెంచా బొగ్గుపొడి వేసి పావుగంటసేపు కలుపుతూ ఉండండి. తరువాత వడపోయండి. క్రింద దిగే నీరు దాదాపు రంగు లేకుండ తేటగా ఉంటుంది. విద్యార్థులు సంతోషిస్తారు. నీరు శుభ్రమయినదని అంటారు.

ఇప్పుడు ఉపాధ్యాయుడు ఆ తేటనీటిలో సిల్వర్ నైట్రేటు రెండు చుక్కలు వేయవలెను. వెంటనే పాలవలె తెల్లని అవక్షేపము ఏర్పడుతుంది. అది సిల్వర్ క్లోరైడు. అంటే ఉప్పులోని క్లోరైడు నీటిలోనే ఉన్నది. బొగ్గు దానిని పట్టుకోలేదు. సిల్వర్ నైట్రేటు చేతికి తగిలితే నల్లని మచ్చలు పడతాయి కాబట్టి దానిని ఉపాధ్యాయుడే వాడవలెను. ఈ నీటిని ఎవరూ రుచి చూడరాదు.

ఎందుకు ఇట్లా జరిగినది? మిథిలీన్ బ్లూ పెద్ద, బల్లపరుపు అణువు. దానికి ధనావేశము ఉన్నది. బొగ్గు పలకలకు అటువంటి అణువులంటే ప్రీతి. పైగా మామూలు నీటిలో బొగ్గు ఉపరితలము సాధారణముగా ఋణావేశము వహిస్తుంది. క్లోరైడు చిన్న అయాను, అదీ ఋణావేశము గలది. సజాతి ఆవేశములు వికర్షించుకొంటాయి. పైగా ఆ అయానును నీటి అణువులు చుట్టుముట్టి తమవద్దనే ఉంచుకొంటాయి. ఫ్లోరైడు క్లోరైడుకు సోదరుడే, దానికీ ఋణావేశమే, దానిని నీటి అణువులు ఇంకా గట్టిగా పట్టుకొంటాయి. కాబట్టి మామూలు బొగ్గు కుండ గుండా పోసిన ఫ్లోరైడు నీరు ఎంత తేటగా కనబడినా ఫ్లోరైడు దాదాపు అట్లే ఉంటుంది.

నల్లగొండ నీటి కథ

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు పరిశోధకులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకొనిపోయే ఒక వ్యాధిని వర్ణించి, త్రాగే నీటిలోని ఫ్లోరైడే దానికి కారణమని ప్రకటించినారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు ఆ విధముగా వైద్యశాస్త్ర చరిత్రలోకి ఎక్కినాయి. 1945లో నాటి హైదరాబాదు సంస్థానములోని నల్లగొండ జిల్లానుండి ఇటువంటి వ్యాధినిగురించిన వ్యాసము ఇండియన్ మెడికల్ గెజెట్‌లోను, 1955లో మరొకటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోను వెలువడినాయి.

ఈ ఫ్లోరైడును ఎవరూ తెచ్చి కలపలేదు. తెలంగాణ నేల క్రింద ఎక్కువ భాగము గ్రానైటు వంటి పురాతన శిలలు ఉన్నాయి. వాటిలోని ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకము వంటి ఖనిజములలో ఫ్లోరిను ఉన్నది. భూగర్భజలము రాతి పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచి ఆ ఖనిజములను కొద్దికొద్దిగా కరిగించుకొంటుంది. నీటిలో కాల్షియము ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి కాల్షియము ఫ్లోరైడుగా అడుగున పడుతుంది. కాల్షియము తక్కువై, సోడియము బైకార్బొనేటు ఎక్కువై, నీరు క్షారగుణము పొందినచోట ఫ్లోరైడు నీటిలోనే నిలిచిపోతుంది. పాకాల చెరువు వంటి కాకతీయుల నాటి చెరువులలోని నీరు వర్షపునీరు. రాతితో దానికి గల సహవాసము స్వల్పము. కనుక చెరువు నీటిలో సాధారణముగా ఫ్లోరైడు తక్కువ, లోతు బోరు నీటిలో ఎక్కువ. చెరువులు పూడిపోయి బోర్లు లోతుకు పోయినకొద్దీ ప్రజలు తెలియకుండానే వర్షపునీటిని విడిచి రాతినీటికి అలవాటు పడినారు.

ఈ ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, ఈ స్వల్ప పరిమాణములలో రుచీ లేదు. కాచినందువల్ల పోదు సరిగదా, నీరు ఆవిరి అయినకొద్దీ దాని పాలు మరింత పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములను హద్దుగా సూచించినది. భారత ప్రమాణముల ప్రకారము 1 మిల్లీగ్రాము వరకు అంగీకారయోగ్యము. వేరు నీరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చును.

పంటిలో, ఎముకలో జరిగేది

మన ఎముకలకు, పండ్లకు గట్టిదనము ఇచ్చేది హైడ్రాక్సీ అపటైటు అనే కాల్షియము ఫాస్ఫేటు ఖనిజము. దానిలోని హైడ్రాక్సైడు అయాను, ఫ్లోరైడు అయాను పరిమాణములో ఇంచుమించు సమానము. అందుచేత ఫ్లోరైడు వచ్చి హైడ్రాక్సైడును తొలగించి ఆ స్థానములో కూర్చుంటుంది. కొద్దిగా చేరితే పంటి పింగాణీ గట్టిపడుతుంది. మితిమీరి చేరితే పింగాణీ సరిగా ఏర్పడక తెల్లని సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు వస్తాయి. ఇంకా ఎక్కువ ఫ్లోరైడు ఏండ్ల తరబడి చేరితే వెన్నెముక, కీళ్ళు బిగుసుకొనిపోతాయి. స్నాయువులు కూడ ఎముకవలె గట్టిపడతాయి.

ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసిన విషయము ఒకటి ఉన్నది. శాశ్వత దంతముల పింగాణీ ముఖ్యముగా పసితనమునుండి ఎనిమిదేండ్లలోపున, చిగురు లోపల ఉన్నప్పుడే తయారవుతుంది. ఉన్నత పాఠశాలలో చేరిన పిల్లవాని పంటిమీద కనబడే మచ్చ అతడు చిన్ననాడు త్రాగిన నీటి చరిత్ర. ఆ మచ్చ ఇక పోదు. ఎముకలలో చేరినదానిని పూర్తిగా తీసివేసే మందు కూడ లేదు. కాబట్టి ఈ వ్యాధికి నివారణే ప్రధానము. అదీ పసిపిల్లల వయస్సులోనే జరుగవలెను.

ఈ రసాయన శాస్త్రములో ఒక ఉపాయము కూడ దాగి ఉన్నది. ఎముక ఫ్లోరైడును లాగుకొంటుంది గదా. అయితే శరీరములోని ఎముకకు ముందే బయట మరొక ఎముకను అడ్డుపెట్టితే? ఎముకల బొగ్గు పని ఇదే. పశువుల ఎముకలను గాలి లేకుండ కాల్చి, ఆ బొగ్గు గుండా నీటిని పంపుతారు. అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రములో బ్రిటన్ అనే పట్టణములో 1953 నుండి 1971 వరకు ఎముకల బొగ్గుతోనే నీటిని శుద్ధిచేసినారు. తూర్పు ఆఫ్రికాలో టాంజానియా, కెన్యా దేశములలో కూడ ఈ పద్ధతి వాడుకలోకి వచ్చినది. మన దేశములో ఎముకల గుండా దిగిన నీటిని త్రాగుటకు చాలమంది మనస్సు ఒప్పదు. కనుక మొక్కలనుండి వచ్చిన బొగ్గుకే ఆ గుణమును నేర్పవలసి ఉన్నది.

బొగ్గును సంస్కరించుట

అల్యూమినియము, ఇనుము, కాల్షియము వంటి లోహములకు ఫ్లోరైడు అంటే ఆకర్షణ ఎక్కువ. అందులోను అల్యూమినియముది బలమైన బంధము. మన ఇండ్లలోని పటిక అల్యూమినియము లవణమే. 1975 ప్రాంతములో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’లో సున్నము, పటిక, బ్లీచింగు పొడి నీటిలో కలిపి, ఏర్పడిన జిగురు అవక్షేపముతోపాటు ఫ్లోరైడును దింపి, పైనీటిని వడపోస్తారు. ఒక తెలుగు జిల్లా పేరు ఈ విధముగా ప్రపంచమంతటా పాఠ్యపుస్తకములలోకి చేరినది. ఈ పద్ధతి చవక. కాని రోజూ కొలత ప్రకారము మందు వేయవలెను. మడ్డి ఎక్కువగా వస్తుంది.

అదే పటికను నీటిలో కలపకుండ బొగ్గు గోడలకే పూసి ఉంచినట్లయితే? ఇదే సంస్కరించిన బయోచార్. దానిని తయారుచేయు విధానము స్థూలముగా ఇట్లా ఉంటుంది. బొగ్గును దంచి, జల్లించి, బూడిద పోయేవరకు కడుగుతారు. దానిని పటిక ద్రావణములో ఒక రాత్రి నానబెడతారు. ద్రావణము రంధ్రములలోనికి చేరుతుంది. తరువాత కొద్దికొద్దిగా క్షారమును కలుపుతారు. అప్పుడు అల్యూమినియము హైడ్రాక్సైడు బొగ్గు గోడలమీదనే పలుచని పొరగా ఏర్పడుతుంది. మిగిలిన లవణములు పోయేటట్లు బాగుగా కడిగి, ఆరబెడతారు.

ఇప్పుడు బొగ్గు ఉపరితలము పూర్వపుది కాదు. తటస్థమైన నీటిలో దానిమీద ధనావేశము ఉంటుంది. ఫ్లోరైడు దగ్గరకు రాగలదు. వచ్చిన ఫ్లోరైడు అల్యూమినియమునకు అంటియున్న హైడ్రాక్సైడును తొలగించి దాని స్థానమును తీసుకొంటుంది. ఎముకలో జరిగిన మార్పిడివంటిదే ఇక్కడా జరిగినది. కాని ఈసారి మన శరీరము బయట! బొగ్గు ఇక్కడ చేసే సాయము ముఖ్యముగా తన విశాలమైన గోడలను ఆ పొరకు ఆధారముగా ఇవ్వడమే. ఉత్త అల్యూమినియము హైడ్రాక్సైడు జిగురుగా ఉండి నీటిని దిగనీయదు. బొగ్గు రవ్వలమీద పూసినప్పుడు నీరు సులభముగా దిగుతుంది.

మన దేశములో ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. బయోచార్ అనే పేరు వాడుకలోకి రాకముందే ఊక బొగ్గుతో ఇటువంటి ప్రయోగములు జరిగినాయి. ఊకలో ఇసుకకు మూలమైన సిలికా ఎక్కువ. ఊక బొగ్గును నూటికి 1 పాలు పొటాషియము హైడ్రాక్సైడు ద్రావణములో ఉడికిస్తే సిలికా కొంత కరిగిపోయి రంధ్రములు తెరుచుకొంటాయి. తరువాత నూటికి 2 పాళ్ళ పటిక ద్రావణములో రాత్రంతా నానబెట్టినారు. ఆ విధముగా చేసిన కిలోగ్రాము బొగ్గు సుమారు 320 మిల్లీగ్రాముల ఫ్లోరైడును పట్టుకొన్నది.

లెక్క వేసి చూద్దాము

ఒక బోరు నీటిలో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నదనుకొందాము. దానిని 1 మిల్లీగ్రాముకు దించవలెను. ప్రతి లీటరునుండి 3 మిల్లీగ్రాములు తీయవలెను. కిలో బొగ్గు 320 మిల్లీగ్రాములు పట్టుకొంటుంది గనుక 320ని 3చేత భాగిస్తే సుమారు 106 లీటర్లు. అయిదుగురు గల ఇంటికి త్రాగుటకు, వంటకు రోజుకు 20 లీటర్లు కావలెననుకొంటే, కిలో బొగ్గు అయిదు రోజులలో నిండిపోతుంది. నెలకు 600 లీటర్లకు అయిదున్నర కిలోలకు పైగా కావలెను.

నేటి ప్రయోగశాలలలో తయారవుతున్న సంస్కరించిన బయోచార్‌లకు కిలోకు కొన్ని వేల మిల్లీగ్రాముల శక్తి ఉన్నట్లు ఫలితములు వస్తున్నాయి. ఆ అంకెలను చూచి వెంటనే లెక్క వేయరాదు. తరచుగా ఆ ప్రయోగములలో నీటిలోని ఫ్లోరైడు బావి నీటిలో ఉన్నదానికంటె అనేక రెట్లు ఎక్కువ. ద్రావణము చిక్కగా ఉంటే బొగ్గు ఎక్కువ పట్టుకొంటుంది. పలుచగా ఉంటే తక్కువ. లీటరుకు 4 మిల్లీగ్రాములు గల నీటికి ఆ పెద్ద అంకె వర్తించదు.

నిండిన బొగ్గును పారవేయనక్కరలేదు. పలుచని క్షార ద్రావణముతో కడిగితే హైడ్రాక్సైడు తిరిగి తన స్థానమునకు వస్తుంది, ఫ్లోరైడు విడిపోతుంది. మరల పటికలో నానబెట్టి వాడవచ్చును. అయితే ప్రతిసారీ శక్తి కొంత తగ్గుతుంది. కడిగిన నీటిలో ఫ్లోరైడు చిక్కగా ఉంటుంది. దానిని బావి దగ్గర పారబోస్తే తీసిన విషమును తిరిగి బావిలో వేసినట్లే.

ప్రయోగశాల నీరు వేరు, బావి నీరు వేరు

ప్రయోగశాలలో స్వేదనజలములో ఫ్లోరైడు ఒక్కటే కలిపి పరీక్షిస్తారు. బావి నీటిలో బైకార్బొనేటు, ఫాస్ఫేటు, సిలికేటు వంటి అయానులు కూడ ఉంటాయి. వాటిలో కొన్ని అదే స్థానములకోసము ఫ్లోరైడుతో పోటీపడతాయి. పైగా ఫ్లోరైడు ఎక్కువగా ఉండేది బైకార్బొనేటు ఎక్కువైన క్షారజలములోనే అని ముందే చెప్పుకొన్నాము. నీటి పి.హెచ్. 8 దాటినకొద్దీ బొగ్గుమీది ధనావేశము తగ్గుతుంది. హైడ్రాక్సైడు అయానులే పోటీకి వస్తాయి. అంటే మందు ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే దాని బలము తగ్గుతున్నది. ఆ యా బావుల నీటితోనే పరీక్షించి చూడనిదే ఏ బయోచార్‌నూ మెచ్చుకొనరాదు.

రెండవ జాగ్రత్త అల్యూమినియమును గురించి. పూత సరిగా అంటక, నీరు ఆమ్లగుణము పొందితే అల్యూమినియము కరిగి నీటిలోకి వస్తుంది. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో అల్యూమినియము లీటరుకు 0.03 మిల్లీగ్రాములు మించరాదు. వేరు నీరు లేనిచోట 0.2 వరకు అనుమతి ఉన్నది. ఒక దోషమును తీసి మరొక దోషమును కలిపినట్లు కారాదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. బొగ్గు నిండిపోయిన సంగతి కంటికి తెలియదు. నిన్నటి నీరు, నేటి నీరు ఒకే విధముగా తేటగా దిగుతాయి. నిన్న ఫ్లోరైడు ఆగినది, నేడు దాటిపోతున్నది. దినదినము పరీక్షించేవారు లేని జల్లెడ, జల్లెడ లేకపోవడముకంటె ప్రమాదము కావచ్చును. ఎందుకంటే లేనప్పుడు మనుష్యులు జాగ్రత్తగా ఉంటారు. ఉన్నదని నమ్మినప్పుడు పసివానికి నిశ్చింతగా త్రాగిస్తారు. కాబట్టి ఇటువంటి బొగ్గు పెట్టెను ఇంటింటికీ విడివిడిగా ఇచ్చుటకంటె పాఠశాలలోనో, ఊరి మధ్యనో ఉంచి, వారమునకొకసారి పరీక్షించే బాధ్యతను ఒకరికి అప్పగించుట మేలు.

ఇతర మాలిన్యములు

ఫ్లోరైడు ఒక్కదానికే గాక, మాలిన్యమునుబట్టి బొగ్గును వేరువేరు విధములుగా సంస్కరిస్తారు. ఆర్సెనిక్‌కు, ఫాస్ఫేటుకు ఇనుప ఆక్సైడు పూత పనికివస్తుంది. అయస్కాంతగుణము గల ఇనుప ఆక్సైడును పూస్తే వాడిన పొడిని అయస్కాంతముతో తిరిగి తీసుకోవచ్చును. సీసము, కాడ్మియము వంటి ధనావేశము గల లోహములను మామూలు బయోచారే కొంతవరకు పట్టుకొంటుంది. ఆమ్లముతో ఆక్సీకరించి ఆక్సిజను సమూహములను పెంచితే ఇంకా బాగుగా పట్టుకొంటుంది. అద్దకపు రంగులకు, అనేక పురుగుమందులకు మామూలు బొగ్గే అనుకూలము. ఆవిరితో రంధ్రములను పెంచితే చాలు. పత్తి చేలలో మందులు చల్లే ప్రాంతములకు ఇది గమనించదగిన విషయము. కాని రోగక్రిములకు బొగ్గును నమ్మరాదు. బొగ్గు రంధ్రములలో క్రిములు పెరుగుటకు కూడ వీలున్నది. కనుక శుద్ధిచేసిన నీటిని క్లోరినుతో గాని, కాచి గాని క్రిమిరహితము చేయవలసినదే.

చివరి మాట

2016 ఆగస్టు 7న నాటి మెదక్ జిల్లా కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమయినది. గోదావరి, కృష్ణ నదుల నీటిని, జలాశయముల నీటిని శుద్ధిచేసి గొట్టముల ద్వారా ఊళ్ళకు తెచ్చుట దాని ఉద్దేశము. ఫ్లోరైడు ప్రాంతములకు ఇదే సరియైన మార్గము. రాతినీటిని బాగుచేయుటకంటె వాననీటిని, నదినీటిని త్రాగుట సులభము, నిశ్చయము. గొట్టపు నీరు ఆగిన రోజున, అందని పొలము దగ్గర, జనము తిరిగి బోరువైపు వెళ్ళేచోట సంస్కరించిన బయోచార్ వంటి సాధనములకు పని ఉన్నది. అది నది నీటికి పోటీ కాదు, తోడు.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చును. మీ పాఠశాల బోరు నీటిని, పిల్లల ఇండ్లలో త్రాగే నీటిని నీటి పరీక్షాశాలకు పంపి ఫ్లోరైడు ఎంత ఉన్నదో తెలుసుకొని, ఆ అంకెను తరగతి గోడమీద వ్రాయించండి. వానకాలములో ఒకసారి, ఎండకాలములో ఒకసారి. రంగు, రుచి, వాసన లేని దోషమును చూపగలిగినది ఆ అంకె ఒక్కటే. అంకె తెలిసిన తరువాతనే ఏ బొగ్గు కావలెనో, అసలు బొగ్గు కావలెనో లేదో నిర్ణయించుకోవచ్చును.

కొత్తగూడ చేలలో కాలిపోయే పత్తికట్టె రేపు ఒక ఊరి నీటిని బాగుచేసే బొగ్గు కావచ్చును. అయితే కట్టె బొగ్గు కావలెనంటే గాలిని అదుపులో పెట్టవలెను. బొగ్గు ఫ్లోరైడును పట్టవలెనంటే దాని ఉపరితలమును మార్చవలెను. దిగిన నీటిని పిల్లవానికి ఇవ్వవలెనంటే దానిని పరీక్షించవలెను. ఈ మూడింటిలో చివరిది మరచినట్లయితే మొదటి రెండూ వ్యర్థమే.